ఇంజను వేగం పెంచుకోండి, గవర్నరును మాత్రం ఉంచుకోండి

(ఒక సహకార ఇన్‌స్పెక్టరు, కోనసీమ)

ఈ మధ్య రాజోలు వైపు ఒక పాల సంఘం మహాజన సభకు వెళ్ళాను. జమాఖర్చులు చదవడం, బోనసు తీర్మానం పూర్తయ్యాక ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు.

"ఇన్‌స్పెక్టరు గారూ, తమరు ఇంజన్ల చదువు చదువుకున్నారని విన్నామండి. మా మనవడు పాత నీళ్ళ ఇంజను ఒకటి చిన్న బండికి బిగించి, తోటలో పాక దగ్గర నుంచి రోడ్డు దాకా పాల క్యాన్లు తెస్తున్నాడండి. బండి నత్తలా నడుస్తోందని, గవర్నరు పీకేస్తే రెట్టింపు పోతుందని ఎవరో చెప్పారట. పీకెయ్యమంటారా?" అని అడిగారు.

"వద్దండి" అన్నాను. ఎందుకు వద్దో చెప్పేలోగా సాయంత్రం పాలవేళ అయింది, సభ లేచిపోయింది. ఆ రోజు చెప్పలేకపోయిన సంగతిని సభ్యులందరి కోసం ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. మన సభ్యుల ఇళ్ళలో గడ్డి కోసే యంత్రానికి ఒక ఇంజను, బోదె నుంచి నీళ్ళు తోడడానికి ఒక ఇంజను, సంఘంలో జనరేటరుకు ఒక ఇంజను, లంక గ్రామాల పడవలకు మరొక ఇంజను ఉన్నాయి. అన్నిటికీ గవర్నరు ఉంది. దాని మీద అందరికీ కోపమే.

గవర్నరు చేసే పని

కాలువ లాకు దగ్గర లస్కరును అందరూ చూసే ఉంటారు. దిగువన నీటి మట్టం తగ్గితే తలుపు కొంచెం ఎత్తుతాడు, మట్టం పెరిగితే దించుతాడు. ఇంజనులో గవర్నరు చేసేది సరిగ్గా ఆ పనే. నీటికి బదులు ఇంధనం, మట్టానికి బదులు వేగం.

చిన్న పెట్రోలు ఇంజను లోపల ఒక పళ్ళచక్రం మీద రెండు చిన్న గుండ్లు ఉంటాయి. ఇంజను తిరిగేకొద్దీ అవి బయటకు విచ్చుకుంటాయి. ఆ కదలిక ఒక ఇరుసు ద్వారా బయట ఉన్న గవర్నరు చేతికి, అక్కడి నుంచి సన్నని కడ్డీ ద్వారా కార్బురేటరు తలుపుకు చేరుతుంది. గుండ్లు తలుపును మూయాలని చూస్తాయి. చేతికి తగిలించిన స్ప్రింగు దానిని తెరవాలని చూస్తుంది. ఆ రెండింటి బలం సమానమైన చోట ఇంజను వేగం నిలుస్తుంది. కొన్ని ఇంజన్లలో గుండ్లకు బదులు ఫ్లైవీలు గాలి తగిలి కదిలే రేకు ఉంటుంది. డీజిలు ఇంజనులో ఇదే ఏర్పాటు ఇంధన పంపును అదుపు చేస్తుంది.

ఇది కొత్త వస్తువు కాదు. గాలిమరల్లో ముందే వాడుకలో ఉన్న ఈ గుండ్ల పద్ధతిని 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చాడు. 1868లో మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త గవర్నర్ల మీద ఒక గణిత వ్యాసమే రాశాడు.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటుంది. గవర్నరు కేవలం ముకుతాడు కాదు, మేత పెట్టే చెయ్యి కూడా అదే. గడ్డి మోపు యంత్రంలో పడి ఇంజను బరువెక్కగానే వేగం కాస్త తగ్గుతుంది. గుండ్లు ముడుచుకుంటాయి, స్ప్రింగు తలుపు తెరుస్తుంది, కావలసిన ఇంధనం అందుతుంది. గవర్నరు తీసేస్తే ఆపే చెయ్యితోపాటు పెట్టే చెయ్యి కూడా పోతుంది. తలుపు ఒకే చోట కట్టేసి ఉంటే బరువు పడినప్పుడు ఇంజను ఆగిపోతుంది, బరువు పోయినప్పుడు విర్రవీగుతుంది.

బరువు పోయే క్షణం

ప్రమాదం వచ్చేది ఇంజను బరువు లాగుతున్నప్పుడు కాదు, ఆ బరువు ఉన్నట్టుండి పోయినప్పుడు. గడ్డి యంత్రం బెల్టు జారుతుంది. నీళ్ళ పంపు ఫుట్ వాల్వు గాలి పీలుస్తుంది. పడవ పంకా గుర్రపుడెక్కలో చిక్కి, దానిని విదిలించుకుని, అల మీద నీటి పైకి తేలుతుంది. బండి గొలుసు తెగుతుంది. గవర్నరు ఉంటే రెప్పపాటులో తలుపు మూసుకుంటుంది. లేకపోతే అప్పటిదాకా బరువు లాగిన ఇంధనమంతా వేగంగా మారుతుంది.

వేగం పెరిగితే లోపల ఏమవుతుందో వడిసెల తిప్పినవారికి తెలుసు. రాయిని కాస్త జోరుగా తిప్పితే చేతిని లాగే బలం చాలా ఎక్కువవుతుంది. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. నిమిషానికి 3,600 చుట్ల కోసం చేసిన ఇంజను 4,000 తిరిగితే లోపలి భాగాల మీద లాగుడు సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. 5,000 తిరిగితే దాదాపు రెట్టింపు అవుతుంది. ఈ చిన్న ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్డు సాధారణంగా అల్యూమినియంది, ఫ్లైవీలు పోత పోసినది. రాడ్డు విరిగితే ఇంజను గోడను పగలగొట్టుకు వస్తుంది. ఫ్లైవీలు పగిలితే ముక్కలు ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు. వాల్వు స్ప్రింగులు కూడా ఆ వేగాన్ని అందుకోలేక వాల్వులు వేళకు మూసుకోవు. అప్పుడు చప్పుడే గాని బలం ఉండదు.

"మోపెడ్లకు గవర్నరు లేదు గదండీ" అని కుర్రవాళ్ళు అడుగుతారు. నిజమే. 1972లో వచ్చిన లూనాకు గాని, 1980లో వచ్చిన టి.వి.ఎస్. 50కి గాని గవర్నరు లేదు. అక్కడ నడిపేవాని చెయ్యే గవర్నరు. పైగా ఆ ఇంజన్ల లోపలి భాగాలను మొదటి నుంచీ ఎక్కువ వేగానికి తగినట్టు చేశారు. నీళ్ళ ఇంజనును ఒకే వేగంతో, మనిషి కాపలా లేకుండా గంటల తరబడి నడవడానికి చేశారు. రెండూ ఒకటి కావు.

నా కళ్ళ ముందు జరిగినది

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఎలా ఊడ్చిందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలు పడిపోయి చాలా రోజులు చీకట్లో ఉన్నాం. నేను అప్పుడు ఉద్యోగానికి కొత్త. ఒక సంఘంలో చిన్న జనరేటరు మీదే దీపాలు, పాల వెన్న చూసే ఎలక్ట్రానిక్ పరికరం నడుస్తున్నాయి. దీపాలు మందంగా వెలుగుతున్నాయని అక్కడి కుర్రవాడొకడు గవర్నరు చేతిని ఇనుప తీగతో లాగి కట్టాడు. దీపాలు ధగధగా వెలిగాయి. మెకానికల్ డిప్లొమా చేతిలో ఉన్న నేను పక్కనే నిలబడి చూశాను. తప్పని తెలుసు. జనం సంతోషంగా ఉన్నారని నోరు విప్పలేదు.

కాసేపటికి ఎవరో వేరే గదిలోని పెద్ద దీపాలు ఆర్పారు. బరువు పోయింది. ఇంజను అరిచింది, వోల్టేజి ఎగిసింది. మిగిలిన దీపాలన్నీ పేలాయి, వెన్న చూసే పరికరం కాలిపోయింది. దానికి మరమ్మతు జరిగేదాకా చేతితో తిప్పే గర్బర్ యంత్రమే గతి అయింది. పొద్దున్నే బారులు తీరిన క్యాన్లు, వెన్న శాతం మీద తగాదాలు. చెట్లు పోగొట్టుకున్న రైతుకు ఆ రోజుల్లో పాల డబ్బే ఆధారం. ఆ డబ్బు లెక్క కట్టే పరికరాన్ని ఒక మూర తీగ కాల్చేసింది. ఆ తప్పులో నా మౌనానికీ వాటా ఉంది. అందుచేతనే ఈ వ్యాసం రాస్తున్నాను.

వేగం పెంచుకునే సరైన దారి

వేగం అసలు పెంచుకోకూడదని నేను అనడం లేదు. దానికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పకూడదు.

1. ముందు కొలవండి. ఇంజనుకు అంటించిన రేకు మీద గరిష్ఠ వేగం ఉంటుంది. మీ ఇంజను అంత ఇస్తోందా? ఇప్పుడు ప్లగ్గు తీగకు చుట్టి చూసే చిన్న మీటర్లు దొరుకుతున్నాయి. డీజిలు ఇంజనుకు ప్లగ్గు లేదు కనుక, పుల్లీ మీద మెరిసే చీటీ అంటించి కాంతితో కొలిచే మీటరు కావాలి. చెవితో వేగం లెక్కపెట్టకండి.

2. లోపం ఉంటే సరిచేయండి. గాలి వడపోత మూసుకుపోవడం, పెట్రోలులో నీరు, కార్బురేటరు జెట్టులో మడ్డి, మసిపట్టిన ప్లగ్గు, జారే బెల్టు, జారే క్లచ్చు, తప్పిన టాపెట్లు. వేగం తగ్గడానికి కారణం చాలాసార్లు వీటిలోనే ఉంటుంది.

3. పుల్లీని గాని, గొలుసు చక్రాన్ని గాని మార్చండి. ఇంజను వేగం అలాగే ఉండి యంత్రం వేగం పెరిగే మార్గం ఇదే. లెక్క సులభం. ఇంజను పుల్లీ వ్యాసాన్ని ఇంజను వేగంతో గుణించి, యంత్రం పుల్లీ వ్యాసంతో భాగిస్తే యంత్రం వేగం వస్తుంది. 1,500 చుట్ల ఇంజనుకు 4 అంగుళాల పుల్లీ, యంత్రానికి 20 అంగుళాల పుల్లీ ఉంటే యంత్రం 300 చుట్లు తిరుగుతుంది. ఇంజను పుల్లీ 5 అంగుళాలది వేస్తే 375 అవుతుంది. అయితే ఊరికే ఏదీ రాదు. వేగం ఎంత పెరిగితే లాగే బలం అంత తగ్గుతుంది. బండి గట్టు ఎక్కలేక క్లచ్చు కాలితే, పళ్ళు మరీ ఎక్కువ వేశారని అర్థం.

4. గవర్నరు స్ప్రింగును హద్దులో సర్దండి. పై మూడూ అయ్యాక ఇంజను రేకు మీది వేగం కంటే తక్కువ తిరుగుతూ ఉంటేనే ఈ పని చేయాలి. స్ప్రింగు బిగువు పెంచితే ఇంజను నిలిచే వేగం పెరుగుతుంది. గవర్నరు చేతికి కొన్ని ఇంజన్లలో వరుసగా రంధ్రాలు ఉంటాయి. స్ప్రింగును ఇరుసుకు దూరపు రంధ్రంలో తగిలిస్తే వేగం పెరుగుతుంది, కాని బరువు పడినప్పుడు వేగం ఎక్కువ పడిపోతుంది. దగ్గరి రంధ్రంలో తగిలిస్తే బరువుకు త్వరగా స్పందిస్తుంది. మరీ దగ్గరైతే ఇంజను ఊయలలా పైకీ కిందికీ ఊగుతూ నడుస్తుంది. ఒక్కొక్క రంధ్రమే మార్చి, ప్రతిసారీ మీటరుతో చూడండి. రేకు మీది అంకె దాటకూడదు.

గవర్నరు చేతిని ఎప్పుడైనా విప్పితే తిరిగి బిగించే పద్ధతి తెలిసి ఉండాలి. ఈ పని ఇంజను ఆపి ఉన్నప్పుడే చేయాలి. గుండ్ల గవర్నరు ఉన్న చిన్న ఇంజన్లలో సాధారణ పద్ధతి ఇది. బిగింపు నట్టు వదులు చేసి, కార్బురేటరు తలుపు పూర్తిగా తెరుచుకునే వైపు చేతిని జరపాలి. చెయ్యి ఎటు జరిగిందో అటే గవర్నరు ఇరుసును ఆగినంత మేర తిప్పి పట్టుకుని నట్టు బిగించాలి. వ్యతిరేక దిశలో తిప్పి బిగిస్తే గవర్నరు ఉన్నా లేనట్టే. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ఒక చెయ్యి ఆపే స్విచ్చి మీద ఉంచండి.

రేకు మీది అంకె కంటే ఎక్కువ కావాలనేవారు కూడా లేకపోలేదు. అమెరికాలో 1960ల నుంచి పచ్చిక కోసే యంత్రాల ఇంజన్లను బిగించి మినీబైకులు అనే చిన్న బండ్లు చేసుకోవడం ఒక సరదా. అక్కడ కూడా తెలిసినవారు ముందు గట్టి రాడ్డు, గట్టి ఫ్లైవీలు, బలమైన వాల్వు స్ప్రింగులు వేసి, ఆ తరువాతనే బిగువైన గవర్నరు స్ప్రింగు వేస్తారు. గవర్నరు కొత్త హద్దు దగ్గర కాపలా కాస్తూనే ఉంటుంది. ఆ ఖర్చుతో మన సభ్యునికి ఒక పడ్డ మేత గడుస్తుంది. మనకు ఆ దారి అక్కరలేదు.

వేగం పెంచకూడని చోట్లు

జనరేటరు: దీని వేగం ముట్టుకోకండి. చిన్న జనరేటర్లు సాధారణంగా 3,000 చుట్ల దగ్గర 50 సైకిళ్ళ కరెంటు ఇస్తాయి. పెద్దవి చాలావరకు 1,500 దగ్గర ఇస్తాయి. బరువు లేనప్పుడు 3,100 దాకా చూపడం సహజం. అంతకు మించి పెంచితే సంఘంలోని పరికరాలకే ముప్పు.

నీళ్ళ పంపు: వేగం పదో వంతు పెంచితే నీరు పదో వంతు పెరుగుతుంది. ఇంజను మీద బరువు మాత్రం మూడో వంతు పెరుగుతుంది. డీజిలు ఖర్చు చూసుకుంటే లాభం కనపడదు.

గడ్డి కోసే యంత్రం: కత్తులు బిగించి ఉన్నది దాని పెద్ద చక్రానికే. అందుచేత యంత్రం రేకు మీది వేగం దాటితే బోల్టు వదిలిన కత్తి తుపాకి గుండుతో సమానం. నూర్పిడి యంత్రాల ప్రమాదాల దృష్ట్యా 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టమే చేసింది. గడ్డి అందించేది మన ఆడవాళ్ళు, పిల్లలు అన్న సంగతి మరువకండి. మూత లేకుండా యంత్రం తిప్పకండి.

వేగానికి మంచి పాఠం మన పాల పనిలోనే ఉంది. వెన్న తీసే చేతి యంత్రం పిడికి చిన్న గంట ఉండేది. తగిన వేగం అందుకునేదాకా అది మోగుతూ, అందగానే ఆగేది. గర్బర్ పరీక్ష యంత్రం నిమిషానికి సుమారు 1,100 చుట్లు తిరగాలి. తక్కువైతే వెన్న పూర్తిగా తేలదు. మరీ ఎక్కువైతే ఆమ్లం నిండిన గాజు గొట్టాలు పగులుతాయి. ప్రతి పనికీ తగిన వేగం ఒకటుంది.

బండి చేసుకున్నవారికి

పాత ఇంజను బిగించి ఇంట్లో చేసుకున్న బండి సొంత తోట దాటి రాకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్టరు కాని బండిని రోడ్డు మీద నడపడం నేరం. కాలువ గట్టు రోడ్డు కూడా రోడ్డే. మైనరు పిల్లవాడు నడిపి పట్టుబడితే, 2019 సవరణ తరువాత తండ్రికి గాని సంరక్షకునికి గాని మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. తోటలో నడిపినా వేగం పెంచే ముందు బ్రేకు సంగతి చూడండి. క్యాన్ల బరువు వెనక్కి లాగకుండా కిందికి కట్టండి. గొలుసుకు మూత వేయండి. పంచె, చీరకొంగు దగ్గరకు రానీయకండి.

ఇంజను అదుపు తప్పితే

పెట్రోలు ఇంజనుకు స్విచ్చి ఆపండి. అది పనిచేయకపోతే పెట్రోలు కుళాయి, గాలి తలుపు మూయండి. డీజిలు ఇంజనుకు ప్లగ్గు లేదు కనుక ఆపే పిడిని లాగండి, ఇంధనం కట్టండి, డికంప్రెషన్ పిడి ఉంటే ఎత్తండి. అప్పటికీ ఆగకపోతే గాలి పీల్చే గొట్టానికి చెక్క అడ్డం పెట్టాలి. అరచెయ్యి ఎప్పుడూ అడ్డం పెట్టవద్దు. ఫ్లైవీలు తిరిగే వరుసలో నిలబడవద్దు. ఇవేవీ వెంటనే కుదరకపోతే ఇంజనును వదిలి అందరినీ దూరంగా పంపండి. ఇంజను మళ్ళీ కొనుక్కోవచ్చు.

పెద్దాయన బండి సంగతి

సభ జరిగిన వారానికి అటువైపు పని పడితే మీటరు పట్టుకుని ఆ తోటకు వెళ్ళాను. పరుగులో కొలిస్తే ఇంజను 2,900 చుట్లు కూడా దాటడం లేదు. గాలి వడపోత విప్పితే లోపల కొబ్బరి పీచు దుమ్ము గూడు కట్టి ఉంది. వడపోత, జెట్టు శుభ్రం చేసి, ప్లగ్గు గీకి, గవర్నరు చేతిని పైన చెప్పిన పద్ధతిలో బిగించాం. ఇంజను రేకు మీది 3,600 దగ్గర స్థిరంగా నిలిచింది. ఆ బండికి ఇంజను 12 చుట్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత మీటరుంబావు. అంటే గంటకు 18 కిలోమీటర్లు పోయే బండి ఇరవై రెండున్నర అందుకుంది. మనవడికి ఇంకా ఆశ ఉంటే, ముందు చక్రం 10 పళ్ళది తీసి 12 పళ్ళది వేయమన్నాను. అప్పుడు 27 వస్తుంది. కొబ్బరిచెట్ల మధ్య పాల క్యాన్లతో అంతకు మించిన తొందర దేనికి?

పెద్దాయన గవర్నరు చేతిని వేలితో ముట్టి, "అయితే దీని తప్పేం లేదన్నమాట" అన్నారు. లేదు. తప్పు దుమ్ముది. శిక్ష గవర్నరుకు పడబోయింది.

పాలకవర్గాలకు ఒక మనవి. ఇంజను వేగం కొలిచే మీటరు ఒకటి సంఘం తరఫున కొని కార్యదర్శి దగ్గర ఉంచండి. ప్రతి సభ్యుడూ కొనవలసిన వస్తువు కాదు, పది ఊళ్ళవారు వాడుకున్నా అరిగిపోదు. జనరేటరు గదిలో ఇంజను రేకు మీది వేగాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. గవర్నరు చేతికి తీగ గాని, రబ్బరు ముక్క గాని కట్టి కనిపిస్తే ఎవరు కట్టారని విచారణ అక్కరలేదు. ముందు ఇంజను ఆపి, ఆ తీగ విప్పండి.